కీర్తన కాగితం వెనుక

జిరాక్సు షాపాయన అబద్ధాలాడే మనిషి కాదని ఆ వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారు. ఇప్పటికీ చెప్తారు. అదే ఆయన్ని ఎక్కువగా బాధపెడుతోంది.

ఆయన షాపు అంటే మందుల కొట్టుకీ సైకిల్ రిపేరు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న గది. ఒక మిషను, ఒక బల్ల, ఒక స్టూలు, గోడకి దేవుడి వాక్యం రాసిన పాత క్యాలెండరు. ఇరవై ఏళ్ళ నుంచీ అదే గది. పెద్దవాళ్ళకి జిరాక్సాయన, చిన్నవాళ్ళకి జిరాక్సు బాబాయ్. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ఆయనకి రెండు విషయాల్లో పట్టుదల ఎక్కువ. షాపులోంచి బయటికి వెళ్ళే కాపీ కడిగిన ముత్యంలా ఉండాలి. కార్డు ఓరగా పడినా, అంచు తెగినా, నలుపెక్కినా ఆ కాగితాన్ని చచ్చినా కస్టమరు చేతికి ఇవ్వడు. పక్కన పెట్టి మళ్ళీ తీస్తాడు. పొద్దున్నే మిషను ఇంకా వేడెక్కనప్పుడు మొదటి రెండు మూడు కాపీలు ఎలాగూ పాడవుతాయి. రెండో పట్టుదల, కాగితం వృథా కాకూడదు. పాడైన కాపీకి ఒక వైపే కదా పాడైంది. వెనక వైపు తెల్లగా, పుట్టినప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది. దాన్ని చెత్తలో పడేయడానికి ఆయనకి చెయ్యి వచ్చేది కాదు. బల్ల కింద అట్టపెట్టెలో సర్ది ఉంచేవాడు. గురువారం మధ్యాహ్నం ఆ కాగితాల్ని తిరగేసి మిషన్లో పెట్టి, తెల్లటి వైపు ఆ సాయంత్రం ప్రార్థన మందిరంలో పాడబోయే కీర్తన అచ్చు తీసేవాడు. అరవై కాగితాలు. మందిరానికి ఒక్క పైసా ఖర్చు లేదు. కీర్తన ఎత్తుకునేదీ ఆయనే, కాగితాలు పంచేదీ ఆయనే. ఇటు పొదుపు, అటు పుణ్యం అనుకునేవాడు.

ఒకసారి ఆయన భార్య ఒక కాగితం తిప్పి చూసి అడిగింది. "ఏమండీ, ఈ వెనకాల ఎవరిదో మొహం ఉంది. పుట్టిన తేదీ, ఇంటి నంబరు, అన్నీ ఉన్నాయి. ఇవిలా పదిమందికీ పంచొచ్చా?"

"పాట ముందువైపు ఉంటే వెనక్కి తిప్పి ఎవరు చూస్తారే?" అన్నాడాయన.

"నేను చూశానుగా."

"నీకు పనిలేక చూశావు."

ఆమె ఇంకేం మాట్లాడలేదు. పెళ్ళైన కొత్తలో అయితే మాట్లాడేది.

రిటైరైన టీచరమ్మ ఒకామె మాత్రం, కార్డు కాపీ తీయించిన ప్రతిసారీ పెన్ను అడిగి తీసుకుని, కాపీ మీద ముఖానికి అడ్డంగా 'గ్యాసు కనెక్షను కోసం మాత్రమే' అనో, 'ఇంటి పన్ను కోసం మాత్రమే' అనో తేదీతో సహా రాసేది. ఆయనకి ప్రాణం ఉసూరుమనేది. "ఇంత చక్కగా తీసిస్తే ఆ గీతలేంటి టీచరమ్మా, పెళ్ళికూతురికి మసి పూసినట్టు?" అనేవాడు. పక్కనున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. టీచరమ్మ కూడా నవ్వి, రాయాల్సింది రాసేసి వెళ్ళిపోయేది. ఆవిడ ఎందుకు రాస్తోందో ఒక్కసారైనా అడిగి ఉంటే బాగుండేదని ఆయనకి తర్వాత తర్వాత అనిపించింది.

నిరుడు మందిరానికి ఒక కొత్త మనిషి వచ్చేవాడు. నలభై ఏళ్ళుంటాయి, శుభ్రమైన బట్టలు, మెత్తటి మాట. ప్రార్థన అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే తను మాత్రం బెంచీల మీద వదిలేసిన కీర్తన కాగితాలన్నీ ఏరి, బొత్తిపెట్టి తెచ్చేవాడు. "అన్నా, ఇవి పారేయడానికి మనసొప్పట్లేదు. మా వైపు పాటలు రానివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి పంచుతాను, తీసుకెళ్ళనా?" అని అడిగాడు. షాపాయన మనసు వెన్నలా కరిగిపోయింది. తీసుకెళ్ళమనడమే కాదు, ఆ తర్వాతి వారం నుంచీ అతనికోసం పదో పదిహేనో ఎక్కువ తీసి ఉంచేవాడు. మందిరంలో అందరూ అతనికి కీర్తనలాయన అని పేరు పెట్టారు. నాలుగు నెలలు వచ్చి, తర్వాత మానేశాడు. ఒంట్లో బాగాలేదేమోనని షాపాయన అతనికోసం రెండు వారాలు ప్రార్థన కూడా చేశాడు.

ఇదంతా జరిగిపోయి చాలా రోజులైంది. ఒక శనివారం పొద్దున స్కూలు వ్యాను నడిపే అమ్మాయి షాపుకి వచ్చింది.

అమ్మాయి అంటే చిన్నపిల్లేం కాదు, ముప్ఫై ఆరేళ్ళ మనిషి. పదకొండేళ్ళుగా అదే స్కూలుకి అదే వ్యాను నడుపుతోంది. వ్యానుకి గీత పడలేదు, పిల్లలకి గోరు విరగలేదు. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోంచి కదలలేని తల్లిని తనే చూసుకుంటోంది. షాపాయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్యని పిన్నీ అనీ పిలిచేది. చుట్టరికం ఏమీ లేదు. పిలిచి పిలిచి చుట్టరికం అయిపోయింది.

"ఏంటమ్మాయ్, సెలవురోజు యూనిఫాం?" అన్నాడాయన.

"స్టేషనుకెళ్ళొస్తున్నా బాబాయ్. మామూలు బట్టల్లో వెళ్తే దొంగనుకుంటారేమోనని ఇది వేసుకెళ్ళా. ఇది చూసి కూడా దొంగనే అనుకున్నారు." నవ్వబోయి మానేసింది. స్టూలు మీద కూర్చుని నిదానంగా చెప్పింది.

ఎవరో ఆమె పేరుమీద ఒక ఫోను నంబరు తీసుకున్నారు. ఆ నంబరు నుంచి ముసలివాళ్ళకి ఫోన్లు చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, రహస్య నంబర్లు చెప్పించుకుని, వాళ్ళు దాచుకున్నదంతా ఊడ్చేశారు. పోలీసులు కూపీ లాగితే ఆ నంబరు కాగితాల్లో ఈమె కార్డు కాపీ దొరికింది.

"నా మీద వాళ్ళకేం కోపం లేదు బాబాయ్. మర్యాదగానే మాట్లాడారు. కానీ మా స్కూల్లో ఏటా డ్రైవర్లందరి గురించీ స్టేషన్ నుంచి కాగితం తెప్పించుకుంటారు కదా, ఈసారి నా పేరు ఎదురుగా 'విచారణలో ఉంది' అని రాసి పంపారు. పిల్లల్ని తీసుకెళ్ళే మనిషి కదా, స్కూలు వాళ్ళనీ అనలేం. సోమవారం కమిటీ కూర్చుంటుందంట. నా కార్డు కాపీ వాళ్ళ చేతికి ఎలా పోయిందో చెప్పమంటున్నారు. చెప్పగలిగితే ఉంచుతారంట. నాకు తెలిస్తే కదా చెప్పడానికి."

ఆమె సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. స్టేషన్లో ఇచ్చిన నకలు. "దీనికి రెండు కాపీలు తియ్యి. కమిటీకి చూపించాలి."

షాపాయన కాగితం అందుకున్నాడు. అందుకోగానే ఆయన చెయ్యి ఆగిపోయింది.

కార్డు బొమ్మ ఓరగా పడి ఉంది. కింది అంచు తెగింది. ఇలాంటి కాపీని తన షాపులో ఏ కస్టమరుకీ ఇవ్వడు. కుడివైపు పై మూల నుంచి ఆమె ఫొటో దాకా వెంట్రుకంత సన్నటి గీత, మధ్యలో విరిగి మళ్ళీ మొదలైంది. ఆ గీత తన మిషను అద్దం మీదిది. మొన్న అద్దం మార్పించేదాకా రెండేళ్ళపాటు ప్రతి కాపీ మీదా పడి ఆయన్ని వేధించిన గీత. తన సొంత సంతకాన్నైనా పోల్చుకోలేకపోయేవాడేమో గానీ ఆ గీతని పోల్చుకోకుండా ఎలా ఉంటాడు? కార్డు చుట్టూ ఉన్న తెల్లని జాగాలో లేత బూడిదరంగులో అక్షరాల నీడలు కూడా ఉన్నాయి, తిరగబడి. వరసలు వరసలుగా, రెండు పాదాల తర్వాత ఖాళీ, మళ్ళీ రెండు పాదాలు. వెనకవైపు కీర్తన ఉన్న కాగితాన్ని కాపీ తీస్తే అలాగే నీడ పడుతుంది. బెంచీల మీద కాగితాలు ఏరుకెళ్ళిన కీర్తనలాయన గుర్తొచ్చాడు.

"ఏవో మరకలు కూడా ఉన్నాయి" అంది ఆమె. "బాబాయ్, నా కార్డు కాపీ నేను ఎక్కడా పారేసుకోలేదు. బ్యాంకులో ఒకటిచ్చా, స్కూల్లో ఒకటిచ్చా. తీయించేది ఇక్కడ నీ దగ్గరే. మరి ఎలా పోయిందంటావు?"

చెప్పాల్సిన మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకాలే ఇంకా చాలా వచ్చాయి. పోలీసులు. షాపు ముందు జనం. ఇరవై ఏళ్ళ మంచిపేరు. మందిరంలో పెద్దల ముఖాలు. ఆ తోపులాటలో చెప్పాల్సిన మాట వెనకబడిపోయి, ఇంకో మాట ముందుకి వచ్చేసింది.

"బ్యాంకుల్లో ఎంతమంది చేతులు మారతాయో ఏం చెప్తామమ్మా" అన్నాడు.

"అదే నేనూ అనుకున్నా" అంది ఆమె. తనకి తెలిసిన పెద్దమనిషి కూడా అదే అన్నాడు కదా అని కాస్త ధైర్యం వచ్చినట్టుంది, లేచి నిలబడింది. ఆయన రెండు కాపీలు తీసిచ్చి డబ్బులు వద్దన్నాడు. "అదేంటి బాబాయ్, బోణీ బేరం" అని చిల్లర బల్ల మీద పెట్టేసి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్నే లేచి ఆయన ఆమె కోసం ప్రార్థన చేశాడు. మామూలుగా చేసేదానికన్నా రెట్టింపు సేపు చేశాడు. ఆ పిల్ల నిర్దోషి అని అందరికీ తెలిసేలా చెయ్యి స్వామీ అని వేడుకున్నాడు. లేచేసరికి మనసు తేలికపడింది. అలా తేలికపడటం మంచిదేనా అన్న అనుమానం ఒక మూల ఉంది గానీ దాన్ని పట్టించుకోలేదు. దేవుడు తలుచుకుంటే దారి దొరక్కపోతుందా అనుకున్నాడు. ఆ దారి తన నోటి గుండానే ఉందేమో అన్న ఆలోచన మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

సోమవారం సాయంత్రం మందుల కొట్టతను చెప్పాడు. "తెలిసిందా? వ్యానమ్మాయిని పక్కన పెట్టేశారంట. పాపం, బ్యాంకు గుమాస్తా మీద అనుమానం చెప్పిందంట కమిటీలో. రుజువేదీ అన్నారంట. ఆ గుమాస్తా భార్య ఇందాకే ఈమె ఇంటికొచ్చి నానా మాటలూ అనిపోయింది. మా ఆయన్ని దొంగంటావా అని."

షాపాయన మిషను మూత తెరిచి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

మంగళవారం గడిచింది. బుధవారం గడిచింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఎలాగూ జరిగిపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని ఒక పూట అనుకునేవాడు. ఇంకో పూట, ఇవాళ చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు అనుకునేవాడు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకాస్త బరువయ్యేది. శనివారం గడ్డిపరకలా ఉన్నది గురువారానికి బండరాయైంది.

గురువారం కొత్త కీర్తన తీయలేదు. పాతవే పాడదాం అని, మందిరం అలమరలో ఉన్న నిరుటి కాగితాలు పంచమన్నాడు. కనీసం ఈ వారం తన చేత్తో అలాంటి కాగితం తీయకుండా ఉందామన్న ఆలోచన తప్ప, అందులో తెలివేమీ లేదు.

అందరికీ ఎదురుగా, గోడవైపు వీపు పెట్టి నిలబడి కీర్తన ఎత్తుకున్నాడు. రెండో పాదానికి అందరూ కాగితాలు ముఖాల ఎత్తుకి లేపారు.

ఇన్నేళ్ళుగా ఆ చోటనే నిలబడ్డాడు. ఒక్కనాడూ చూడలేదు. ఇవాళ చూశాడు. పాడేవాళ్ళ ముఖాలు కాగితాల వెనక మరుగైపోయాయి. వాటి స్థానంలో వేరే ముఖాలు తనవైపే చూస్తున్నాయి. ఓరగా పడ్డవీ, అంచు తెగినవీ, సగం నల్లబడ్డవీ. సైకిల్ రిపేరు అతను. బట్టల ఇస్త్రీ ఆవిడ. పోయినేడాది చనిపోయిన పోస్టుమాన్. ఒక్కొక్కరి ముఖం కింద పేరు, పుట్టిన రోజు, ఇంటి చిరునామా. అరవై మంది వరసల్లో కూర్చుని, పాటేమీ పాడకుండా, ఆయన ఏమంటాడా అని చూస్తున్నట్టుంది.

ఆయన పాట ఆపేశాడు. వెనక వరసవాళ్ళు ఇంకో రెండు ముక్కలు పాడి వాళ్ళూ ఆగారు.

"ఏమైంది బాబూ, దగ్గొచ్చిందా?" అని ముందు బెంచీలో ముసలావిడ అడిగింది. "పాటయ్యేదాకా ఆపుకోవాలి."

"ఆ కాగితాలు ఒకసారి ఇటిచ్చేయండి" అన్నాడాయన. "అందరూ. ఇంట్లో పాతవి ఉంటే అవి కూడా రేపు తెచ్చివ్వండి. మీ మొహాలూ మీ పక్కింటివాళ్ళ మొహాలూ ఉన్నాయి వాటి వెనకాల. అలా పంచడం నా తప్పు. మిగిలినవి ఏరుకెళ్ళిన ఆ కీర్తనలాయన వల్ల ఎవరి చేతికి పోకూడదో వాళ్ళ చేతికి పోయాయి."

ఎందుకు, ఏమిటి అని నలుగురు నాలుగు రకాలుగా అడిగారు. కొందరు అప్పుడే కాగితం తిప్పి చూసుకున్నారు. ఒకతను తన మరదలి ఫొటో చూసి, ఇదెక్కడిది ఇక్కడ అని పెద్దగా అడిగి, పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే ఊరుకున్నాడు. పెద్దల్లో ఒకాయన, "ఆ కీర్తనలాయన మనవాళ్ళల్లో ఎవరికైనా చుట్టమా?" అని అడిగాడు. ఎవరికీ కాదు. అతని ఇల్లెక్కడో కూడా ఎవరికీ తెలియదు. అంత భక్తిగా ఉండేవాడు కదా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భక్తిగా ఉన్నవాళ్ళని ఇల్లెక్కడని ఎవరడుగుతారు?

కాగితాల కట్ట చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"చెప్పేశారా?" అంది.

"మందిరంలో చెప్పాను."

"మందిరం సంగతి కాదు. ఆ పిల్లకి."

ఆయన అలాగే నిలబడ్డాడు. "నీకెలా తెలుసు?"

"శనివారం నుంచి మీరు తిండి తింటున్నారా, కెలుకుతున్నారా? ఆ పిల్ల వచ్చెళ్ళిన దగ్గర్నుంచేగా ఇదంతా. ఆ కాగితాల వెనక మొహాలు నేనెప్పుడో చూశాను కదా. ఎప్పుడో ఒకప్పుడు మీరే చెప్తారని ఊరుకున్నాను." ఆమె కట్ట అందుకుని బల్ల మీద పెట్టింది. "ఊరుకోవడం నాదీ తప్పే అనుకోండి. రోజూ పొద్దున్నే లేచి దేవుడికి చెప్పుకుంటున్నారు. ఆయనకి తెలియనిదేముంది, ఆ కాగితం పోయిన రోజే తెలుసు. తెలియనిది ఆ పిల్లకే కదండీ."



శుక్రవారం పొద్దున షాపు తెరవకుండా నేరుగా వ్యానమ్మాయి ఇంటికి వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు. తల్లి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. అమ్మాయి బట్టలు మడతపెడుతోంది. ఆ వేళప్పుడు ఆమె ఇంట్లో ఉండటం ఆ ఇంటికే కొత్తగా ఉన్నట్టుంది. ఏ వస్తువు తీసినా ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియడం లేదు.

"రా బాబాయ్. కూర్చో. ఈ మహారాణి ఇంట్లో కూర్చుని తింటోందని చూడ్డానికొచ్చావా?" అంది.

"కూర్చోను గానీ, ముందు నా మాట వినమ్మా. నీ కార్డు కాపీ బ్యాంకునుంచి పోలేదు. నా షాపులోంచి పోయింది."

చెప్పాడు. పెట్టె సంగతి, కీర్తన సంగతి, కాగితాలు ఏరుకుపోయిన మనిషి సంగతి. ఆమె చేతిలో చొక్కా సగం మడత మీద అలాగే ఉండిపోయింది. తల్లి మాత్రం, "అయ్యో, పాటల కాగితాలా? మొన్న పక్కింటావిడ ఆవకాయ జాడీ మూతకి చుట్టింది" అని ఏదో అనబోయి కూతురి ముఖం చూసి మానేసింది.

అమ్మాయి ఆ చొక్కా పక్కన పెట్టి అంది. "ఆ గుమాస్తా ఇంటికెళ్ళి ముందు క్షమాపణ చెప్పుకోవాలి నేను. పాపం, చిన్న పిల్లలున్నారు ఆయనకి." మళ్ళీ ఆగి అడిగింది. "బాబాయ్, నీకెప్పుడు తెలిసింది ఇది?"

"ఈ మధ్యే" అన్నాడాయన.

ఆమె తల ఊపింది. ముఖం కడుక్కుని, స్కూటరు తాళం తీసుకుంది. "పద, స్టేషన్లో రాసిద్దువు గానీ."

దారంతా ఆయన వెనక సీటు మీద బిగుసుకుని కూర్చున్నాడు. ఆమె ఎక్కడా తొందరపడలేదు. ప్రతి మలుపు దగ్గరా ముందే వేగం తగ్గించింది.

స్టేషన్లో ఆఫీసరు కుర్రవాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు. చెప్పిందంతా విని, కీర్తన కాగితాల కట్ట తిరగేసి చూసి, చిన్నగా ఈల వేశాడు. ఎదురుగా పెద్దాయన ఉన్నాడని గుర్తొచ్చి ఆపేశాడు.

"మంచి పని చేశారు వచ్చి. మేం ఈ వైపు చూడనే లేదు. ఈ కార్డుల పేర్ల మీద ఇంకేం తీసుకున్నారో అన్నీ వెతికిస్తాం" అన్నాడు.

"నా మీద కేసు పెడతారాండి?" అన్నాడు షాపాయన.

"మీ మీదెందుకు పెడతాం? మీరేమన్నా అమ్ముకున్నారా? అజాగ్రత్త, అంతే. ఇకమీద పాడైన కాపీని కస్టమరు కళ్ళెదురుగానే చించేయండి. ఇంకో సంగతి, కార్డు కాపీ ఎవరికిచ్చినా దాని మీద అడ్డంగా 'ఈ పనికి మాత్రమే' అని తేదీ వేసి రాసుకోమని వచ్చినవాళ్ళందరికీ చెప్పండి. అలా రాసి ఉంటే వాడికది పనికొచ్చేది కాదు."

పెళ్ళికూతురికి మసి పూసినట్టు. ఆయన నేలవైపు చూశాడు. తను ఆరు రోజులుగా భయపడింది ఇంతేనా? ఈ కుర్రాడి ఈ రెండు మాటలకేనా? భయపడటానికి పెద్ద కారణమేదో ఉండి ఉంటే కాస్త నయంగా ఉండేదనిపించింది.

తెల్లకాగితం, పెన్ను ఇచ్చారు. జరిగింది జరిగినట్టు రాశాడు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేకుండా. ఆఫీసరు పక్కన నిలబడి చదువుతూ, "కింద ఒక మాట చేర్చండి. ఈ కాపీ మీ దగ్గరిదేనని మీకు ఏ తేదీన తెలిసింది? ఆ తేదీ వేసి సంతకం పెట్టండి" అన్నాడు.

ఆయన పెన్ను కాగితానికి ఆనించి ఆగాడు. అమ్మాయి పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. నిన్నటి తేదీ వేయొచ్చు. మందిరంలో ఆ కాగితాలు చూశాకే అర్థమైందంటే ఎవరూ కాదనరు. ఆమెతో అన్న 'ఈ మధ్యే' కూడా నిలబడుతుంది. ఒక్క అంకెలో తేడా. ఆమె ఇంకా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆమెని ఇంకా బాధపెట్టడం ఎందుకు అని కూడా అనిపించింది. ఆ చివరి ఆలోచన మరీ దయగా కనిపించేసరికి ఆయనకే అనుమానం వచ్చింది. బ్యాంకులో ఎంతమంది చేతులు మారతాయో అన్న మాట కూడా ఇలాగే, ఏ గొడవా లేకుండా నోట్లోంచి జారిపోయింది.

శనివారం తేదీ వేశాడు. పక్కన శనివారం అని కూడా రాశాడు. సంతకం పెట్టాడు.

ఆఫీసరుకి తేడా ఏమీ తెలియలేదు. కాగితం తీసుకుని, "మీరూ ఒకసారి చదివి సంతకం పెట్టమ్మా" అని అమ్మాయికి ఇచ్చాడు. ఆమె మొదటినుంచీ చదివింది. చివరికి వచ్చాక కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత సంతకం పెట్టి ఇచ్చేసింది. ఆఫీసరు నకలు ఒకటి స్కూలు కోసమని ముద్ర వేసి ఇచ్చాడు.

బయటికి వచ్చాక స్కూటరు దగ్గర నిలబడింది.

"నాలుగు తిట్టమ్మా" అన్నాడాయన.

"తిడితే మీకు తేలికైపోతుంది" అంది ఆమె. కోపంగా అనలేదు. "సోమవారం నన్ను లోపలికి పిలిచేముందు గంటన్నర బయట బెంచీ మీద కూర్చోబెట్టారండీ. మా పిల్లలు కిటికీల్లోంచి చూసి చేతులూపుతున్నారు. నేను గేటువైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరో వచ్చి ఏదో చెప్తారనిపించింది. ఎవరొస్తారో, ఏం చెప్తారో నాకే తెలియదు. ఊరికే అనిపించింది."

ఆమె తాళం పెట్టి స్కూటరు స్టాండు తీసింది.

"నేను గుమాస్తాగారింటికి వెళ్ళాలి. అది వేరే దారి. మీరు బస్సులో వెళ్ళగలరా?"

"వెళ్తానమ్మా. ఆ నకలు నాకివ్వు. స్కూల్లో నేను చెప్తాను."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి కాగితం ఇచ్చింది.

స్కూల్లో హెడ్మిస్ట్రెస్ ఆయన్ని వెంటనే లోపలికి పిలిచింది. పెద్దావిడ, నెరిసిన జుట్టు, చేతికి సుద్దముక్క పొడి. కాగితం రెండుసార్లు చదివింది. రెండోసారి చదివేటప్పుడు ఆమె వేలు తేదీ దగ్గర ఆగింది, కానీ దాని గురించి అడగలేదు.

"చాలా మంచి డ్రైవరండీ ఆమె. పక్కన పెట్టాలని మాలో ఎవరికీ లేదు" అంది. "కానీ పిల్లల తల్లిదండ్రులు ఊరుకోలేదు. నిన్న వేరే అతన్ని తీసుకున్నాం. ఏడాదికి రాసిచ్చేశాం. ఇప్పుడతన్ని ఏమని పొమ్మంటాం? అతను చేసిన తప్పేముంది?"

"ఏమీ లేదండి" అన్నాడు షాపాయన.

"ఈ కాగితం ఆమె ఫైల్లో పెడతాను. ఆమె పేరు మీద మచ్చ లేదని అందరికీ చెప్తాను. వచ్చే ఏడాది చోటుంటే ముందు ఆమెనే పిలుస్తాం."

చోటుంటే. ఆయన దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు.

స్కూలు వదిలే గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వ్యాను దగ్గరికి పరిగెత్తారు. కొత్త డ్రైవరు దిగి, తలుపు తీసి, అందరికన్నా చిన్నపిల్లని సంచీతో సహా ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. బూటు లేసు ఊడిందని ఒకడు కాలు చాపితే వంగి కట్టాడు. "వ్యానక్క ఎప్పుడొస్తుంది?" అని ఆ పిల్లాడు అడిగితే, "నాకు తెలియదు నాన్నా, వస్తే నేనూ చూడాలి" అన్నాడు. నిదానస్తుడిలా ఉన్నాడు. తలుపు వేసి, ఒకసారి లాగి చూసుకుని, అటూ ఇటూ చూసి బండి కదిలించాడు.

గేటు పక్కన నిలబడి షాపాయన అంతా చూశాడు. ఆ మనిషిలో ఒక్క వంకైనా కనిపిస్తుందేమోనని వెతికాడు. కనిపించలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా ఉండి, బస్సు కోసం నడిచాడు.